రెండు చేతులకి పరామర్శ

వైనిసౌ, కందావు దీవి
1984 మార్చి 12

కెలేరా అత్తకి,

మిలి రాసేది. నీ ఉత్తరం, రెండు సబ్బులు అందాయి. వాటిలో ఒకటి అందిన గంటకే పోయింది. ఎవరు తీశారని వెతకక్కర్లేదు. పక్కింటి మెరేసి వదిన నా కళ్ళెదుటే తీసుకుని, వాసన చూసి, "నవూతు వాళ్ళకి సబ్బెందుకే? మీరు నీళ్ళు పోసుకునేది వాన పడ్డప్పుడే కదా" అని రొంటిన దోపుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వి తల దించుకున్నాను.

మన రెండు ఊళ్ళూ ఒకే దేవుడికి పుట్టాయని తాతలనాడు ఎవరో అనుకున్న పాపానికి నా వంటిల్లు ఖాళీ అవుతోంది. మన నవూతు వాళ్ళని ఈ ఊరి వాళ్ళు ఎంత మాటైనా అనొచ్చు, ఏ వస్తువైనా పట్టుకుపోవచ్చు, కోపం మాత్రం రాకూడదు. తౌవు వరస అంటే అంతేనని నువ్వు నవ్వుతావు. అమ్మ బతికుండగా మన ఇంటికి ఈ ఊరి వాళ్ళు వస్తే అమ్మ చీపురు పట్టుకుని తరిమేది, వాళ్ళు కోళ్ళని చంకన పెట్టుకుని పరిగెత్తేవాళ్ళు. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ నవూతు మనుషులు నలభైమంది ఉన్నచోట అనడం వేరు, ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే నిలబడి అనడం వేరు.

మా అత్తగారు రోజూ అంటుంది, "నువ్వూ తిట్టవే పిల్లా. నీ హక్కు. కోడలివి తర్వాత, ముందు తౌవువి." నాకు గొంతు దాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. నాకు పొగరని కుళాయి దగ్గర ఆడవాళ్ళు అనుకుంటున్నారట. ఇంటికొచ్చాక మాత్రం బోలెడు జవాబులు తోస్తాయి. వాటిని చారులో కలిపేస్తాను.

పోయినసారి నువ్విచ్చిన ఇంగ్లీషు మాట హెసిటేట్. వాక్యం రాశాను, చూడు: నేను కుళాయి దగ్గర హెసిటేట్ చేస్తాను. తప్పుంటే దిద్దు. ఆరో తరగతితో బడి ఆపేసినదాన్ని, నీ ఉత్తరాలే నా బడి.

ఈస్టరుకి సువాలో ఏడుగురి రగ్బీ పోటీలు కదా, మా ఊరి జట్టు వస్తోంది. ఈయన అందులో ఉన్నారు. మెరేసి వదిన మొగుడు చెట్టెక్కి సీమపనస కాయలు రాలగొడుతుంటే ఈయన కింద నిలబడి ఒక్కటి కూడా నేలని తాకనివ్వరు. ఊళ్ళో అందరూ ఈయన చేతుల మీదే ఆశ పెట్టుకున్నారు. మేమంతా ఓడలో వస్తాం. మన ఊరి జట్టులో అన్నయ్య అపెనిసా ఆడుతున్నాడట. రెండు జట్లూ ఎదురుపడకపోతే బాగుండును.

నీ మేనకోడలు
మిలి


సువా
మార్చి 26

మిలీ,

వాక్యం తప్పు లేదు. నువ్వే తప్పు. కుళాయి దగ్గర హెసిటేట్ చేసే పిల్లని నవూతు ఎప్పుడు కన్నదో నాకు తెలియదు. మా అన్నయ్య కూతురివేనా? పుట్టినప్పుడు మారిపోయి ఉంటావు.

ఈసారి మాట కమిజరేట్. ఒకరికి చెడు జరిగినప్పుడు వాళ్ళ బాధలో పాలుపంచుకోవడం. డిక్షనరీ ఇంతవరకే చెబుతుంది. ముప్ఫై ఏళ్ళు ఈ మాటలు పిల్లల నోట్లో కుక్కినదాన్ని కనుక మిగతాది నేను చెబుతాను.

ఇంగ్లీషులో దయకి చాలా మాటలున్నాయి. పిటీ అంటే గట్టు మీద నిలబడి గోతిలో పడ్డవాణ్ణి చూడడం. కన్సోల్ అంటే గోతిలోకి చెయ్యి అందించడం. కమిజరేట్ అంటే దిగి వాడి పక్కన కూర్చుని, "ఎంత చెత్త గొయ్యిరా ఇది" అనడం. అందుకే ఆ మాట వెనక ఎప్పుడూ 'తో' ఉంటుంది. ఒకళ్ళని చెయ్యరు, ఒకళ్ళతో చేస్తారు. చావులకీ వాడొచ్చు కానీ, నిజానికి ఇది మరీ అంత పెద్దది కాని కష్టాలకి బాగా కుదురుతుంది. పరీక్ష తప్పినవాడు, పంటి నొప్పివాడు, ఉతికిన బట్టలు ఆరేసిన వెంటనే వాన కురిసిన ఇల్లాలు. ఒకే వానలో ఇద్దరి బట్టలూ తడిసి, ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఆకాశాన్ని తిట్టుకుంటే అదీ కమిజరేట్ చేసుకోవడమే.

మూడు వాక్యాలు రాయి. నువ్వు చూసినవి కాదు, నువ్వు చేసినవి.

ఈస్టరుకి మైదానానికి రావాలనే ఉంది. మోకాలు ఏమంటుందో చూడాలి. నేను రాకపోయినా మీ వాళ్ళు గెలిస్తే అన్నయ్య పిల్లలకి తలవంపు, మా వాళ్ళు గెలిస్తే నీ మొగుడికి తలవంపు. నాకు రెండు విధాలా కాలక్షేపం.

కెలేరా అత్త


వైనిసౌ
ఏప్రిల్ 30

అత్తకి,

క్షేమంగా ఇల్లు చేరాం. సముద్రం బాగానే ఉంది. నువ్వు మైదానానికి వస్తావేమోనని చూశాను, కనబడలేదు. మోకాలి నొప్పి తగ్గాలని కోరుకుంటున్నాను.

ఆఖరి ఆటలో మేం ఓడిపోయాం. మన ఊరు పదహారు, ఈ ఊరు పన్నెండు. చివర్లో ఒకరి చేతిలోంచి బంతి జారింది. ఆటలన్నాక మామూలే.

ఈయన బాగున్నారు. తోటలో పని ఎక్కువగా ఉంది.

నువ్వు రాయమన్న మూడు వాక్యాలు. ఒకటి: పంది పిల్లకి కాలు విరిగితే నేను దానితో కమిజరేట్ చేశాను. రెండు: మెరేసి వదిన పన్ను పీకించుకుంటే నేను ఆమెతో కమిజరేట్ చేశాను. మూడు: వానకి తడిసిన చాపతో నేను కమిజరేట్ చేశాను.

చాపతో చెయ్యొచ్చో లేదో తెలియదు.

మిలి


సువా
మే 9

మిలీ,

చాపతో చెయ్యకూడదు. చాపకి బాధ లేదు. మిగతా రెండు వాక్యాలకీ తప్పు పెట్టను. కానీ ఇంత పొడి ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. ఎండు చేపలో కూడా కాస్త తడి ఉంటుంది.

"ఒకరి చేతిలోంచి" అని రాశావు. ఆ ఒకరి పేరు రేడియో వాడు రెండుసార్లు చెప్పాడు. గీత దాటాక, దరిదాపుల్లో ఎవరూ లేనప్పుడు, నేలకి ఆనిస్తే చాలన్న బంతిని ఒంటి చేత్తో పైకెత్తి జనానికి చూపించబోయి జారవిడిచాడని కూడా చెప్పాడు. ఇక్కడ చేపల బజారులో రెండు రోజులు అదే మాట. అది నీ మొగుడని అక్కడ నేనేమీ అనలేదు. చవగ్గా రెండు చేపలు కొనుక్కుని వచ్చేశాను.

తోటలో పని ఎక్కువగా ఉందన్నావు. మే నెలలో చామ తోటలో అంత పనేముంటుంది? నేనూ చామ తోటల మధ్యే పుట్టాను తల్లీ.

ఇంకో వాక్యం రాయి. ఇంగ్లీషులో అక్కర్లేదు. జరిగింది రాయి.

అత్త


వైనిసౌ
మే 21

అత్తా,

నీ దగ్గర దాచడం నావల్ల కాదు.

ఈయన ఇంట్లో లేరు. ఓడ దిగినవాళ్ళు దిగినట్టే కొండ మీది తోట గుడిసెకి వెళ్ళిపోయారు. ఇవాళ్టికి నాలుగు వారాలు. ఊళ్ళోకి రారు. ఆదివారం గుడికి కూడా రాలేదు. నేను మూడు రోజులకోసారి ఉప్పూ అగ్గిపెట్టే తీసుకెళ్తే, గుమ్మంలో పెట్టి వెళ్ళమంటారు. పెద్ద దీవిలో బంగారు గనిలో మనుషుల్ని తీసుకుంటున్నారని ఎవరో చెబితే, తన పేరు పంపేశారు. జవాబొచ్చింది. జూన్ 8 శుక్రవారం ఓడెక్కుతారట. మూడేళ్ళ ఒప్పందం. "నువ్వు మీ ఊరు వెళ్ళిపో, అక్కడే నీకు బాగుంటుంది" అన్నారు. అది విన్న రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇందులో ఎవర్నీ తప్పు పట్టడానికి లేదత్తా. అందరూ ఎంతో మంచిగా ఉన్నారు. ఊరిపెద్ద పిల్లల్ని కూర్చోబెట్టి, "ఇనోకే ముందు బంతి మాట ఎత్తారంటే వీపులు పగులుతాయి" అని చెప్పాడు. సాయంత్రం కావా వేరు నలిపి తాగే చోట కూడా ఈయన పేరొస్తే గొంతు తగ్గించేస్తారు. మెరేసి వదిన నా సబ్బు తిరిగి ఇచ్చేసింది! సగమే ఉందనుకో. రెండేళ్ళలో ఈ ఊళ్ళో ఎవరైనా నాకు ఏదైనా తిరిగివ్వడం ఇదే మొదటిసారి. ఆ సబ్బు చూసి ఏడ్చాను.

మన ఊరి వాళ్ళూ మంచిగానే ఉన్నారు. ఆట అయిపోగానే అన్నయ్యా వాళ్ళూ వరసగా వచ్చి ఈయనకి చెయ్యిచ్చి, "ఫర్వాలేదు బావా, అందరికీ జరిగేదే" అన్నారు. ఎంత మెత్తగా అన్నారో! మన అపెనిసాయేనా అనిపించింది. ఈయన చెయ్యిస్తూనే ఉన్నారు కానీ ముఖం మాత్రం, ఎలా చెప్పను, దీపం ఊదేసిన గదిలా అయిపోయింది.

నువ్వు చెప్పిన మాట ప్రకారం నేను కూడా చేశాను. గుడిసెకి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన కత్తి నూరుకుంటుంటే నేను ఏడ్చాను. "మీ బాధ నా బాధ కాదా?" అన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి, చాలా మర్యాదగా, "చీకటి పడకముందే దిగిపో మిలీ, దారి బాగా లేదు" అన్నారు. కోప్పడినా బాగుండేది.

ఆ మాట వాడడంలో నేను చేసిన తప్పేమిటి? పక్కన కూర్చున్నాను కదా. 'తో' ఉంది కదా.

మిలి


సువా
మే 30

మిలీ,

ఈ ఉత్తరం తపాలాలో వెయ్యడం లేదు. రేపటి ఓడలో వంట చేసే మనిషి చేతికిస్తున్నాను, నీకే ఇవ్వమని.

నేను మైదానానికి వచ్చాను. మోకాలు వద్దంది, నేను వినలేదు. ఎండకి తాళలేక రొట్టెల కొట్టు వెనక నీడలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి అంతా కనబడుతుంది. ఈల ఊదగానే ఒక పసుప్పచ్చ గౌను మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. నలుగురిలో నోరెత్తని మా మిలి, అపెనిసా చొక్కా పట్టుకుని గుంజుతోంది. వాడి బుజాల మీద చేతులేసి ఇద్దరు కుర్రాళ్ళు, వాడి చేతిలో బురద నీళ్ళ బకెట్టు. నువ్వేమన్నావో వినబడలేదు. కానీ వాడు బకెట్టు కింద పెట్టేశాడు.

ఆ సంగతి నీ రెండు ఉత్తరాల్లోనూ లేదు. నువ్వే చెబుతావని ఆగాను. నేను వచ్చిన సంగతి నీకు చెప్పకపోవడం నా తప్పు, ఇద్దరం సమానం.

నిన్ను తిట్టడం లేదు. మొగుణ్ణి ఏమీ అనొద్దని అడగడం ఏ పెళ్ళాం చెయ్యని పని? కానీ ఒకటి ఆలోచించు. గెలిచిన తౌవు ఓడినవాడి నెత్తిన బురద పొయ్యాలి. చొక్కా లాక్కోవాలి. ఓడెక్కేదాకా వెంటపడి వాడి మీద పాట కట్టి పాడాలి. ఇదంతా ఆ పిల్లాడు ఎదురుచూశాడు. తల వంచి నిలబడ్డాడు కూడా, బకెట్టు కోసం. బదులుగా జట్టు జట్టంతా వచ్చి దొరల్లాగా చెయ్యిచ్చారు. మనలో మర్యాద ఎవరికిస్తాం మిలీ? పరాయివాళ్ళకి. తౌవు మెత్తగా మాట్లాడాడంటే, "నీ తప్పు నవ్వుకోవడానికి కూడా వీలు లేనంత పెద్దది, నువ్వు ఇక మాకేమీ కావు" అన్నట్టు. ఆపైన ఊరంతా గొంతులు తగ్గించింది. మెరేసి సబ్బు తిరిగిచ్చింది. బతికున్నవాడికి ఇంతకంటే ఏం చెయ్యాలి, గొయ్యి తవ్వడం తప్ప?

మీ మామయ్య పోయినప్పుడు నువ్వు చిన్నదానివి. బడి నుంచి నాకు అందమైన కార్డు వచ్చింది, బంగారు అంచుతో. మా హెడ్మాస్టరు మంచి చేతిరాతతో ఆ మాటే రాశాడు, కమిజరేట్ చేస్తున్నామని. దాన్ని అలమరలో పెట్టాను. మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు వైనిసౌ నుంచి నలభైమంది చాపలతో దిగారు. ముందు ఏడ్చారు, నిజంగానే, గుండెలు పగిలేలా. తర్వాత మీ అత్తగారు లూసియానా మాయమైంది. చూస్తే మీ మామయ్య ప్యాంటు, కళ్ళజోడు వేసుకుని, ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన గొంతుతో, "కెలేరా! ఈ టీలో పంచదార వేశావా, దాని పేరు చెప్పి ఊరుకున్నావా?" అని అరుస్తోంది. చెప్పు తీసి విసిరాను. అది ఆ చెప్పు చంకలో పెట్టుకుని కందావు వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఇవ్వలేదు. ఆవేళ నవ్వీ నవ్వీ ఏడ్చి, ఏడ్చీ ఏడ్చి నవ్వి, ఒక చామదుంప మొత్తం తిన్నాను.

కార్డు రాసినాయన చెడ్డవాడు కాదు. ఆ మాటకి అర్థం ఆయనకి తెలుసు. లూసియానాకి ఆ మాటే తెలియదు.

అపెనిసాకి కబురు పెట్టి పంపుదామంటే, వాడు నవూతు నుంచి సువా వచ్చి కందావు ఓడ పట్టుకునేసరికి అది ఎనిమిదో తారీకు ఓడే అవుతుంది. ఇనోకే ఎక్కాల్సిందీ అదే. అంత వ్యవధి లేదు.

ఆ దీవిలో మన ఊరి మనిషి ఒక్కతే ఉంది. ఆ పైన నీ ఇష్టం.

అత్త


వైనిసౌ
జూన్ 9, శనివారం

అత్తా,

నువ్వు రాసింది నిజం. "దేవుడి మీద ఒట్టు, ఆయన్ని ఒక్క మాట కూడా అనొద్దు" అన్నాను అన్నయ్యతో. అన్నయ్య, "అలా బాగోదే" అన్నాడు కూడా. నేనే ఒట్టు వెనక్కి తీసుకోలేదు. నాకే ఎవరైనా ఏమైనా అంటే ముడుచుకుపోతాను కదా, ఆయనా అంతేననుకున్నాను. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు, నేనెప్పుడూ అంతే కదా.

బుధవారం పొద్దున్న నా పెళ్ళి చాప తీశాను. అంచున ఎర్ర ఉన్ని కుచ్చులున్నది, నాన్నమ్మ అల్లింది. కిరసనాయిలు డబ్బా, అయిదు గజాల గుడ్డ తీసుకున్నాను. నల్ల గౌను వేసుకున్నాను. గుమ్మం దాటుతుంటే మా అత్తగారు దుంపలు ఒలుస్తోంది.

"చాపా కిరసనాయిలా? ఎవరు పోయారే?" అంది కంగారుగా.

"మీ అబ్బాయి చేతులు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "ఇనోకే చేతులు పోయాయి. రెండూ ఒకే రోజు. నవూతు తరఫున పరామర్శకి వెళ్తున్నాను."

ఆవిడ కత్తి కింద పెట్టింది. కిరసనాయిలు డబ్బా నా చేతిలోంచి తీసుకుని నా వెనక నడిచింది. దారిలో మెరేసి వదిన, "ఎక్కడికి?" అంటే మా అత్తగారు, "నోరు ముయ్యి, ఏడుస్తూ రా" అంది. కొండెక్కేసరికి నా వెనక తొమ్మిదిమంది ఆడవాళ్ళయ్యారు. తొమ్మిదిమంది వెనకుంటే పారిపోవడానికి దారి కూడా లేదు.

ఆయన గుడిసె ముందు సంచి సర్దుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. నేను చాప పరిచాను. గుడ్డ పెట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన రెండు చేతులూ లాగి చాప మీద పెట్టాను. ఆయన, "మిలీ, ఏమిటిది?" అన్నారు. ఇక్కడ నా గొంతు ఆగిపోయింది అత్తా. ఎప్పటిలాగే అక్కడే ఆగింది. ఏడుపే వచ్చింది, నిజం ఏడుపు. సరే, ఏడుపుతోనే మొదలుపెడదామనుకున్నాను.

"ఇసా! ఇసా!" అని శోకాలు అందుకున్నాను. "ఎంత మంచి చేతులు! ఎంత చిన్న వయసులో పోయాయి! ఈ చేతులు చామ నాటాయి. ఈ చేతులు ఆక్టోపస్‌ని పట్టాయి. నా పెళ్ళిలో వణుకుతూ నా చెయ్యి పట్టుకున్నాయి. రోగం లేదు, రొష్టు లేదు, గీత దాటాక, పక్కన ఈగ కూడా లేని చోట, నాలుగు వేలమంది చూస్తుండగా ప్రాణం విడిచాయి! ఓరి వైనిసౌ పీతా! పీతకి కూడా డెక్క మూసుకోవడం తెలుసు కదరా!"

ఆయన్ని నేనెప్పుడూ 'రా' అనలేదు. అనేశాక ఆగడం నావల్ల కాలేదు. రెండేళ్ళ చారంతా బయటికొచ్చింది. "నవూతులో పళ్ళు లేని ముసలమ్మ కూడా బంతిని చిగుళ్ళతో పట్టుకుంటుంది! మీ ఊళ్ళో చేతులకి కొబ్బరినూనె రాసుకుని ఆడతారా, లేక పుట్టుకతోనే అంతా? జనానికి బంతి చూపిద్దామనుకున్నావా? వాళ్ళ దగ్గర ఎప్పుడూ బంతి చూడలేదనుకున్నావా?"

ముందు మా అత్తగారి దగ్గర్నుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపో దగ్గో తెలియలేదు. మెరేసి వదిన చాప మీద బోర్లా పడి, "ఇసా, ఎడం చెయ్యి! నువ్వు కుడిదానికంటే మంచిదానివే!" అని అందుకుంది. తొమ్మిదిమందీ అందుకున్నారు. ఒకామె బొటనవేలికి వేరుగా ఏడ్చింది.

ఆయన మాత్రం కదల్లేదు. ముఖం అలాగే ఉంది. పాడుచేశానురా దేవుడా అనుకున్నాను. అప్పుడు ఆయన చాలా నెమ్మదిగా అడిగారు:

"అపెనిసా ఎందుకు రాలేదు?"

"రానివ్వలేదు" అన్నాను. "మైదానంలో బురద బకెట్టుతోనే వచ్చాడు. నేనే ఆపాను. ఒట్టు పెట్టించుకున్నాను. వాళ్ళ తప్పు లేదు."

"నువ్వా?"

"నేనే."

"వాళ్ళంతట వాళ్ళు కాదా?"

"కాదు. అన్నయ్య బాగోదన్నాడు కూడా."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. ఏడు వారాల ఊపిరి. తర్వాత చాప మీది చేతులు చూసుకుని అన్నారు, "రెండేళ్ళుగా నోరు లేని పిల్లని కట్టబెట్టారని నవూతు వాళ్ళ మీద నాకు కోపంగా ఉండేది. నోరంతా ఒకేసారి వాడేస్తావని ఎవరు చెప్పారు? గుడ్డి నత్తా! ఒట్టు పెట్టడానికి నీకు వేరే రోజు దొరకలేదా?" అప్పుడు నవ్వారు. నవ్వి, అదే చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా అత్తగారు, "చచ్చిన చేతులతో ముఖం తుడుచుకోకూడదురా, అశుభం" అంది.

కిందికి దిగేసరికి కబురు మాకంటే ముందే చేరింది. పిల్లలు దారి పొడుగునా రెండు వరసల్లో నిలబడి, ఆయన రాగానే సీమపనస కాయలు ఆయన మీదికి విసిరారు. నాలుగు పట్టారు. ఒకటి జారింది. ఊరు ఊరంతా ఏడుపు అందుకుంది. నిన్నటి దాకా గొంతు తగ్గించినవాళ్ళంతా బాకీ తీర్చుకున్నారు. మెరేసి వదిన నా సబ్బు మళ్ళీ పట్టుకుపోయింది. నేను ఆమె ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నాను. బరువుగా ఉంది, బాగుంది.

అయినా గని వాళ్ళకి మాటిచ్చారు కదా, ఏం చేస్తారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. శుక్రవారం పొద్దున్న సంచి భుజాన వేసుకుని రేవుకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. చేతిలో ఏమీ పట్టుకోలేదు, దారి భోజనం కూడా కట్టలేదు. కట్టడానికి మనసు రాలేదు. ఓడ వచ్చింది. సరంగు నిచ్చెన దింపి, "ఇనోకే, గనికి నువ్వేనా? ఎక్కు, ఆలస్యమవుతోంది" అన్నాడు.

ఆయన సంచి విప్పారు. అందులో బట్టల్లేవు, మన అపెనిసాకి పంపడానికి కావా వేరు కట్ట ఉంది. దాన్ని సరంగుకి అందించి, "ఇది నవూతు చేర్చు. గని వాళ్ళకి చెప్పు, ఇంట్లో చావు జరిగింది, పదోరోజు కాకుండా కదలకూడదని" అన్నారు.

"అయ్యో, ఎవరు పోయారు?" అని సరంగు టోపీ తీశాడు పాపం.

ఆయన రెండు చేతులూ చూపించారు.

సరంగుకి అర్థం కాలేదు. "సరే, పదోరోజు అయ్యాక వస్తావా?" అన్నాడు.

"ఆ తర్వాత వందోరోజు ఉంది" అన్నారు ఆయన. "ఆపైన మా ఆవిడని అడగాలి. దుఃఖంలో ఉన్న మనిషి. నోరెక్కువ."

మిలి